బర్రె తంతున్నది, పాలు ఎగజేపుతున్నది: ఇది జబ్బా, గుణమా?

ఆత్మకూరు_పాడి
అందరికి నమస్తే. హుజూరాబాద్ దిక్కు ఒకాయన దగ్గర ముర్రా బర్రెను కొన్న. రెండో ఈత, కింద దుడ్డె ఉన్నది. అమ్మినాయన తన కొట్టంల నా ముందల్నే పిండి చూపిచ్చిండు, పూటకు ఆరు లీటర్లు. మా ఇంటికొచ్చినంక మూడు దాటుతలేదు. పొదుగు కడిగి కూసుంటే కాలు లేపుతది, బకెట్ తన్నేస్తది. దుడ్డెను ఇడిస్తే కొంచెం చేపుతది, పక్కకు గుంజంగనే ఎగజేపుకుంటది. ఊర్ల సూదులేసే ఆయన రోజూ పాలసూది కొట్టుమంటున్నడు. పెద్దమనుషులు అది గుణం, కాళ్లు కట్టి నాలుగు తగిలియ్యిమంటున్నరు. నాకు కొట్టబుద్ధయితలేదు. డాక్టర్లు, అనుభవమున్నోళ్లు చెప్పండ్రి.

మామునూరు_వెట్
అన్నా, సూది జోలికి పోకముందు మూడు సంగతులు చూసి చెప్పు. ఏ చన్ను పట్టినా తంతున్నదా, ఒక్కదానికేనా? వచ్చిన రోజు నుంచే ఇట్లుందా, కొన్ని రోజులు బాగుండి మొదలైందా? దుడ్డె కుడిచేటప్పుడు కూడా కాలు లేపుతున్నదా?

ఒక్క చన్నుకే తంతుంటే, దుడ్డెను కూడా అక్కడికి రానీయకపోతే అది చాలావరకు నొప్పే. చన్ను మీద పగులు, దుడ్డె పంటి గాటు, పొదుగువాపు మొదలవడం, వీటిలో ఏదో ఉంటుంది. మొదటి ధారలు నల్లగుడ్డ మీద పిండి చూడు. తరకలు కనపడితే పొదుగువాపు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి. అట్లా కాకుండా అన్ని చన్నులకూ తంతూ దుడ్డెకు మాత్రం చేపుతుంటే అది భయం.

భయపడితే పాలు ఎందుకు ఆగుతాయో కూడా చెప్తాను, ఎందుకంటే ఇది తెలిస్తే కొట్టాలన్న ఆలోచనే రాదు. దుడ్డె మూతి తగిలినా, పొదుగు కడిగినా ఆ సంగతి నరాల గుండా మెదడుకు పోతుంది. అక్కడి పిట్యూటరీ గ్రంథి ఆక్సిటోసిన్ అనే హార్మోన్‌ను నెత్తుట్లోకి వదులుతుంది. అది ఒక నిమిషం అటు ఇటుగా పొదుగుకు చేరి, పాలు తయారయ్యే సన్నటి సంచుల చుట్టూ ఉన్న కండరాలను బిగిస్తుంది. చేపడమంటే అదే. పశువు బెదిరితే మెదడు ఆ హార్మోన్‌ను సరిగ్గా వదలదు. పైగా అడ్రినలిన్ పెరిగి, వచ్చిన హార్మోన్‌ను కూడా పనిచేయనియ్యదు. ఆవు పొదుగు అడుగున ఉండే తొట్టిలో అయిదో వంతు దాకా పాలు నిలవుంటాయి కాబట్టి చేపకపోయినా కొన్ని వస్తాయి. బర్రెకు అట్లా నిలవుండేవి నూటికి అయిదు పాళ్ల దరిదాపే. మిగిలినవన్నీ పైనే ఉంటాయి. కాబట్టి చేపని బర్రెను ఎంత గట్టిగా పిండినా చేతులు నొయ్యడమే తప్ప పాలు రావు. కొడితే ఆ పూటే కాదు, రేపు నువ్వు బకెట్ పట్టుకొని రాంగనే మళ్లీ బిగబట్టుకుంటుంది.

ఇక పాలసూది అంటే అదే ఆక్సిటోసిన్. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రోజూ బయటినుంచి ఇస్తే పశువు సొంతంగా చేపడం సన్నగిల్లుతుంది, సూది లేనిదే ఇవ్వని స్థితికి వస్తుంది. పాలకోసం పశువుకు హాని చేసే సూది వెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం కూడా.

ముల్కనూరు_అక్క
తమ్మీ, డాక్టర్ సారు చెప్పింది నిజం. నేనొకటి అడుగుత. అమ్మినోళ్లింట్ల ఎవలు పిండేది? ఆడమనిషా, మగమనిషా? ఏ పక్క కూసుండి పిండిండ్రు? పిండేటప్పుడు దాణా ముందల పెట్టిండ్రా, తర్వాత పెట్టిండ్రా? ఫోన్ చేసి ఇవన్ని అడుగు. మా దిక్కు పాడి బర్రెలను ఎక్కువ ఆడోళ్లమే చూసుకుంటం. ఆడామె చేతికి మరిగిన బర్రె కాడికి మగమనిషి పోతే మెడ తిప్పి చూస్తది, చెవులు ఎనకకు పెడతది, తోక కొడతది. ఆ మూడు కనపడ్డయంటే తర్వాత కాలు లేస్తది. కాలు లేశేదాక ఆగొద్దు. చెవులు ఎనకకు పోంగనే చెయ్యి తీసి, ఈపు మీద గోకి, మాట్లాడి మళ్ల మొదలుపెట్టు.

ఒక్క మనిషే పిండాలె, ఒక్క టైముకే పిండాలె. గోరువెచ్చని నీళ్లతోటి కడుగు. ఇంట్ల అందరు సుట్టు నిలబడి సూసుడు బంద్ చెయ్యిండ్రి. పిండంగ కుక్కను కొట్టం కాడికి రానియ్యకు.

ఏటూరునాగారం_డాక్టర్
మామునూరు డాక్టర్ గారు రాసినదాంట్లో తప్పు లేదు. కానీ ఒక మాట చెప్పాలి. ఆస్పత్రిలో ఒక్కణ్ణే ఉంటాను. పొద్దున ఎద సూదులు (చూలు కట్టించే వీర్యం సూదులు), టీకాల రోజైతే ఊరూరా తిరగడం, మధ్యలో కష్టం ఈతలు. ప్రతి పశువు దగ్గరా నిలబడి దాని మనసు తెలుసుకోవడానికి టైం ఎక్కడిది? ట్రెవిస్‌లో (పశువును కదలకుండా నిలబెట్టే చట్రంలో) బిగించి, ముక్కు పట్టి, సూది వేసి పంపితేనే తర్వాతి రైతుకు న్యాయం చేసినవాణ్ణవుతాను. నడవడిక శాస్త్రం పట్నంలో కుక్కల క్లినిక్‌కు సరిపోతుందేమో, మన ఊరి ఆస్పత్రికి కుదరదని నా అభిప్రాయం.

మామునూరు_వెట్
డాక్టర్ గారూ, మీ కష్టం నాకు తెలుసు. అయినా ఈ విషయంలో మీతో ఏకీభవించను. నడవడిక చూడటం వైద్యానికి అదనంగా చేసే పని కాదు, అదే మొదటి పరీక్ష. పైసా ఖర్చు లేనిది, పశువును ముట్టుకోకముందే అయిపోయేది. ఒకసారి ట్రెవిస్‌లో బిగించాక ఆ పరీక్ష మళ్లీ చేయలేం. అక్కడ అన్ని పశువులూ ఒకేలా నిలబడతాయి, అన్నిటి గుండే వేగంగా కొట్టుకుంటుంది. ఎండలో గుంజుకొచ్చిన పశువుకు టెంపరేచర్ కూడా పెరుగుతుంది, జ్వరమనుకుంటాం.

ఆవును తోలుకొస్తున్నప్పుడే చూడండి. వీపు గూనిలా ఎత్తి, ముందుకాళ్ల మోచేతులు బయటికి పెట్టి, దిగుడు దారిలో మొరాయిస్తూ, పడుకోవడానికి వెనకాడుతూ మూలుగుతుంటే మనసు వెంటనే మేకు, తీగముక్కల మీదికి పోవాలి. ఇళ్లు కట్టే చోట బైండింగ్ వైరు ముక్కలు గడ్డిలో కలుస్తాయి. ఆవు నాలుకతో చుట్టి మింగేస్తుంది తప్ప ఏరుకొని తినదు. ఆ తీగ రెండో పొట్టలో గుచ్చుకుని గుండె వైపు పోతుంది. దీన్ని అజీర్తి అనుకుని పొడులు ఇచ్చుకుంటూ పోతే పశువు దక్కదు.

ఈనిన కొద్ది వారాలకే మంచి పాలిచ్చే ఆవు దాణా వదిలేసి వరిగడ్డి మాత్రం తింటుంటే కీటోసిస్ (ఒంట్లో శక్తి చాలక వచ్చే జబ్బు) అనుమానించాలి. కొన్ని గోడలు నాకుతాయి, పలుపు నములుతాయి, గుండ్రంగా తిరుగుతాయి. రైతు దానికి గాలి సోకిందనుకుంటాడు. ఈనిన మూడు రోజుల లోపల మొదట బెదురుబెదురుగా ఉండి, తర్వాత కూలబడి తలను డొక్క వైపు తిప్పి పెట్టుకుంటే పాలజ్వరం, కాల్షియం పడిపోయింది. ఆలస్యం చేస్తే చచ్చిపోతుంది. వీటన్నిట్లో దారి చూపించింది పశువు తీరే, ల్యాబ్ రిపోర్టు కాదు.

టైం సంగతంటారా, బెదరని పశువుకు ఒకే పోటుతో సూది పడుతుంది. ఆవు తల కదపకుండా తన చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర చూస్తుంది. సరిగ్గా తోక వెనకాల మాత్రం దానికి కనపడదు. మనం నేరుగా అక్కడినుంచే పోతాం, తంతే పొగరంటాం. భుజం వైపు నుంచి, కనపడేటట్టు, గొంతు వినిపిస్తూ పోతే చాలా వాటికి ముక్కు పట్టే పనే ఉండదు. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే ప్రొఫెసర్ పశువులు నడిచే దారుల్లోకి తానే దిగి, వాటి కంటి ఎత్తున చూసి, వేలాడే గొలుసు, నేల మీది నీడ, మెరిసే నీళ్లగుంట లాంటి చిన్నచిన్న వాటికే అవి ఆగిపోతాయని చూపించింది. మన ట్రెవిస్ దగ్గర వేలాడే పాత తాళ్లు, ప్లాస్టిక్ సంచులు తీసేయడానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఏటూరునాగారం_డాక్టర్
తాళ్లు, సంచుల సంగతి ఒప్పుకుంటాను, రేపే తీయిస్తాను. దాణా వదిలి గడ్డి తినే లక్షణం గురించి రైతులను నేనూ అడుగుతాను. కానీ ఏజెన్సీలో అడవిలో వదిలి మేపే పశువులుంటాయి, మనిషి చెయ్యే ఎరగవు. వాటికి టీకా వేయాలంటే పట్టుకోక తప్పదు. అక్కడ మెల్లగా పోవడమంటే మా సిబ్బందికి కొమ్ముపోటే. అక్కడ ఇది చెల్లదు.

మామునూరు_వెట్
ఆ పశువుల విషయంలో మీదే సరైన మాట. కట్టేసే వాటి గురించే నేను చెప్పింది.

కోరుట్ల_ఫైనలియర్
సార్, నేను కోరుట్ల వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను. జంతువుల నడవడిక మీద పని చేసిన కార్ల్ ఫాన్ ఫ్రిష్, కొన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బెర్గెన్‌లకు 1973లో నోబెల్ ఇచ్చింది వైద్యశాస్త్రం విభాగంలోనే. టిన్‌బెర్గెన్ ఏ నడవడిక చూసినా నాలుగు ప్రశ్నలు వేయమన్నాడు: ఇప్పుడు దేనివల్ల జరుగుతోంది, పుట్టినప్పటినుంచి ఎట్లా ఏర్పడింది, దాంతో ఆ జీవికి ఏం ఉపయోగం, ఆ జాతిలో ఎక్కడినుంచి వచ్చింది. ఈ బర్రెకు అవి వేసి చూశాను. ఉపయోగం అన్న ప్రశ్నకు జవాబు నన్ను ఆలోచింపజేసింది. పులి తిరిగే అడవిలో బెదిరిన తల్లి నిలబడి పాలివ్వకుండా పరుగెత్తాలి, దుడ్డెను తర్వాత కుడపాలి. మన కొట్టంలో గుణం తక్కువని తిట్టేది అడవిలో ప్రాణం నిలిపిన లక్షణం.

ఇంకొకటి, గొర్రెలు, మేకలు నొప్పిని బయటపెట్టవు. మందలో కుంటేదాన్నే తోడేలు ముందు పడుతుంది కాబట్టి. అందుకే ముఖం చూసి నొప్పి కొలిచే స్కేళ్లు తయారుచేశారు, కళ్లు సగం మూయడం, చెవుల వాలు, దవడ బిగింపు చూసి మార్కులు వేస్తారు.

జనగామ_గొర్లమంద
నొప్పి బయటపెట్టయన్నది ముమ్మాటికి నిజం తమ్మీ. మంద నుంచి ఎడమైన గొర్రెనే మేం ముందు చూస్తం. మేతల తల ఎత్తి ఊకె నిలబడ్డదంటే పొద్దుమీకెవరకు ఏదో బయటపడతది. నాకో సంగతి చెప్పండ్రి సార్. మందల ఒక ఏడాది పిల్ల ఒక్క పక్కకే గిర్రగిర్ర తిరుగుతున్నది, తల వంకర పెడుతున్నది. గోడకు పోయి తల ఆనిచ్చి నిలబడుతున్నది. మావోళ్లు దిష్టి అంటున్నరు.

మామునూరు_వెట్
అన్నా, దిష్టి కాదు. ఒకే పక్కకు తిరుగుతూ, చూపు మందగించి, మంద నుంచి విడిపోతుంటే మెదడులో నీటితిత్తి ఉండే అవకాశం ఎక్కువ. ఇది కుక్క నుంచి వస్తుంది. కుక్క పేగులో ఉండే ఒకరకం బద్దెపురుగు గుడ్లు దాని పెంట ద్వారా మేతలో పడతాయి. గొర్రె తింటే ఆ పురుగు పిల్లలు మెదడు చేరి తిత్తిగా పెరుగుతాయి. చాలాసార్లు తిత్తి ఏ పక్కనుంటే ఆ పక్కకే తిరుగుతుంది. చిన్నవాటిలో ఆ చోట పుర్రె మెత్తబడుతుంది, బొటనవేలితో నొక్కితే తెలుస్తుంది. అంటే ఎటు తిరుగుతుందో చూసే ఆపరేషన్ ఎక్కడ చేయాలో డాక్టర్ అంచనా వేస్తాడు. తిత్తి పైపైన ఉంటే తీసేయొచ్చు. మామునూరు కాలేజీ ఆస్పత్రికి తీసుకురా. పాతరగడ్డి వేస్తుంటే లిస్టీరియా అనే సూక్ష్మజీవితో వచ్చే ఇంకో జబ్బుకు కూడా ఇట్లాగే తిరుగుతాయి, దానికి వైద్యం వేరు, కాబట్టి చూపించకుండా మందు వేయొద్దు.

అంతకన్నా ముఖ్యం, చచ్చిన గొర్రె తలకాయను మంద కుక్కలకు వేయొద్దు. కాల్చెయ్యి, లేదా లోతుగా పూడ్చు. కుక్కలకు డాక్టర్ చెప్పినట్టు ప్రాజిక్వాంటెల్ మందు క్రమం తప్పకుండా ఇప్పించు. అది మానితే ఏటా ఇంకో రెండు పిల్లలు తిరుగుతూనే ఉంటాయి.

నక్కలగుట్ట_పెట్స్
పెంపుడు జంతువుల వాళ్లం కూడా ఉన్నాం ఇక్కడ. మా మగపిల్లి ఎప్పుడూ మట్టిట్రేలోనే పోసేది, నిన్నటినుంచి బాత్రూం మూలన, పరుపు మీద కూర్చుంటోంది. అరుస్తోంది. ఇంట్లో కొత్త పాప వచ్చింది, అసూయతో చేస్తోందని అంటున్నారు. ట్రెయినింగ్ ఏమైనా ఉందా?

మామునూరు_వెట్
ట్రెయినింగ్ తర్వాత, ఇప్పుడే బయల్దేరండి. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని అరుస్తూ, చుక్కలు తప్ప రావడం లేదంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఇంట్లో మార్పు వల్ల కలిగే ఒత్తిడికి పిల్లుల మూత్రాశయం వాచే జబ్బు నిజంగానే ఉంది, కాబట్టి పాప రావడానికి, దీనికి సంబంధం ఉండొచ్చు. కానీ అది అసూయ కాదు, శిక్షించే విషయం అసలే కాదు. బుట్టలో దాని పాత దుప్పటి వేసి, పైన గుడ్డ కప్పి తీసుకెళ్లండి. బెదిరిన పిల్లికి రక్తంలో చక్కెర పెరుగుతుంది, ఒక్క టెస్టు చూసి షుగర్ అని తేల్చకూడదు. ఆ సంగతి అక్కడి డాక్టర్‌కు తెలిసే ఉంటుంది.

నక్కలగుట్ట_పెట్స్
వెళ్లాం సార్. మూసుకుపోయిందనే చెప్పారు. గొట్టం వేసి తీశారు, రెండు మూడు రోజులు ఉంచుకుంటామన్నారు.

ఆత్మకూరు_పాడి
అందరికి దండం. అమ్మినాయనకు ఫోన్ చేసి అడిగిన. ఆయన భార్యనే పిండేదట, ఎడమ పక్క కూసుండి, ముందల తవుడు పెట్టి. మేం కుడి పక్క కూసుంటున్నం. ఇగ డాక్టర్ సారు చెప్పినట్టు చూస్తే ఎనక కుడి చన్ను మొదట్ల సన్న పగులు దొరికింది, పొదుగు బొచ్చుల దాగి ఉండె. తరకలు లేవు. మా డాక్టర్ పూతమందు రాసిచ్చిండు. ఇప్పుడు మా ఇంటామె ఎడమ పక్క కూసుండి పిండుతున్నది. ఆ చన్నుకు ఇంకా చెయ్యి పెట్టనిస్తలేదు కాని తన్నుడు తగ్గింది. పూటకు అయిదు లీటర్ల దాక వస్తున్నయి. ఇంకో అనుమానం. ఈనినంక మూడో నెల నడుస్తున్నది, ఎదకు వచ్చినట్టే కనపడ్తలేదు. ఇదివరకటి బర్రెలు కూడా ఇట్లనే ఎదకు రాకుండ ఏడాది గడిపినయి.

ముల్కనూరు_అక్క
బర్రె ఆవులెక్క ఒకదాని మీద ఒకటెక్కి చూపియ్యదు తమ్మీ, మూగ ఎద. పగటి పూట ఎండల ఏం తెల్వది. రాత్రి పండుకునే ముందు, తెల్లారగట్ల టార్చ్ పట్టుకొని ఒకసారి కొట్టం తిరుగు. పడుకున్న చోట గాజులెక్క తీగ కనపడుతదా, మాటిమాటికి కొంచెం కొంచెం పోస్తున్నదా, మేత తక్కువైందా, పాలు ఉత్తగనే తగ్గినయా చూడు. పాలు తగ్గినయని మళ్ల గుణం మీద పెట్టేవు, అది ఎదయినా కావచ్చు.

ఏటూరునాగారం_డాక్టర్
అక్క చెప్పింది రాసి పెట్టుకోండి. పొద్దున లక్షణాలు కనపడితే అదే సాయంత్రం, సాయంత్రం కనపడితే మర్నాడు పొద్దున ఎద సూది వేయించాలి. ఎద దాదాపు 21 రోజులకోసారి వస్తుంది కాబట్టి ఒకసారి అనుమానం వచ్చిన తేదీ కాలెండర్ మీద రాస్తే తర్వాతి సారి దొరుకుతుంది. ఎండాకాలం మన దగ్గర బర్రెలు ఇంకా మూగగా ఉంటాయి, వాటికి చెమట గ్రంథులు తక్కువ, తోలు నలుపు. రెండు పూటలా నీళ్లు కొట్టి, దాణా చల్లటి వేళకు మార్చండి. అక్కడికీ మూడు నెలలు దాటితే గర్భసంచి పరీక్ష చేయించండి. మా ఆస్పత్రిలో నాకు బాగా తెలిసిన రైతులు తేదీ చెప్తారు, వాళ్ల పశువులకే ఎక్కువగా చూలు నిలుస్తుంది. ఈ లెక్కన నడవడిక చూడటమే మొదటి పరీక్షన్న మామునూరు డాక్టర్ గారి మాటకు నేనూ ఒప్పుకున్నట్టే.

గోవిందరావుపేట_రైతు
సార్లు ఎవరన్నా ఉంటే తొందరగా చెప్పండి. మా ఎద్దు నిన్నటినుంచి మేత ముట్టలేదు, నోటివెంట సొంగ కారుతోంది, గొంతు బొంగురుగా అదేపనిగా అరుస్తోంది. ఎప్పుడూ సాధువుగా ఉండేది, ఇయ్యాల గూటాన్ని పొడుస్తోంది. గొంతులో మక్కకంకి అడ్డం పడిందని నేనూ మా తమ్ముడూ నోట్లో చెయ్యి పెట్టి చూశాం, ఏం దొరకలేదు. మళ్లీ చూడాలా?

ఏటూరునాగారం_డాక్టర్
చూడొద్దు. ఇంకెవరినీ చెయ్యి పెట్టనివ్వొద్దు. సాధువైన ఎద్దు ఒక్కసారిగా పొడవడం, ఆగకుండా బొంగురు అరుపు, సొంగ, మింగలేకపోవడం, ఇవన్నీ కలిస్తే ముందు అనుమానించాల్సింది పిచ్చికుక్క కాటు జబ్బును. గొంతు నరాలు చచ్చుబడి మింగలేకపోవడం వల్లే ఏదో అడ్డం పడ్డట్టు కనిపిస్తుంది. కంకి కూడా అయి ఉండొచ్చు, కానీ అది తేలేదాకా రేబిస్ అనే అనుకోవాలి. లక్షణాలు మొదలయ్యాక దీనికి మందు లేదు, మనిషికైనా పశువుకైనా.

ఇద్దరూ ఇప్పుడే పారే నీళ్ల కింద సబ్బుతో చేతులు 15 నిమిషాలు కడుక్కోండి. చేతుల మీద గీతలు, పుండ్లు, గోటి దగ్గర పగుళ్లు ఏమున్నా, సొంగ కంట్లోనో నోట్లోనో పడ్డా, ఆస్పత్రికి పోయి జరిగింది మొత్తం చెప్పండి. పొలం పని చేసే చేతులకు గీతలు లేకుండా ఉండవు, కాబట్టి లేవని మీకు మీరే తేల్చుకోవద్దు. టీకా, గీతలుంటే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే సూది) కూడా వేస్తారు. ఎద్దును రెండు గట్టి తాళ్లతో మిగతా పశువులకు దూరంగా కట్టండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. దాని ముందున్న నీళ్లు, మేత వేరే పశువుకు పెట్టొద్దు. పశువైద్య హెల్ప్‌లైన్ నంబర్ 1962కు ఫోన్ చేయండి. ఈ మధ్య కుక్క ఏదైనా కరిచిందా?

గోవిందరావుపేట_రైతు
నెలన్నర కింద ఊళ్లో ఒక కుక్క పశువుల మీద పడ్డది సార్, దీన్ని కరిచిందో లేదో చూడలేదు. ఇద్దరం కడుక్కున్నాం. తమ్ముడి వేలికి తంగేడు పుల్ల గీసుకున్న గాయం ఉంది. ఆటో వచ్చింది, ములుగు ఆస్పత్రికి పోతున్నాం. ఆ రోజు కుక్క పడ్డ పశువులు ఇంకా మూడిళ్లలో ఉన్నాయి, వాళ్లకు ఏం చెప్పాలి?

ఏటూరునాగారం_డాక్టర్
ఆ మూడిళ్ల వాళ్ల నంబర్లు నాకు మెసేజ్ పెట్టండి, మీ మండల డాక్టర్‌తో నేనే మాట్లాడతాను. కరిచిన పశువులకు కూడా టీకాల వరుస ఉంటుంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది. అప్పటిదాకా వాటిలో ఏ ఒక్కటి మేత మానినా, అరుపు మారినా, ఊరికే బెదిరినా నోరు తెరిచి చూడకుండా ముందు ఫోన్ చేయమనండి. పాలిచ్చేవి ఉంటే పచ్చిపాలు ఎవరూ తాగొద్దని చెప్పండి. మీరు ఆస్పత్రి చేరాక ఇక్కడ ఒక మాట రాయండి.